ఓట్స్ తింటున్నానని మాత్రలు తగ్గించుకోవచ్చా?

ప్రశ్న: నా వయసు 52 ఏళ్లు. షుగర్, కొలెస్ట్రాల్ ఉన్నాయి. థైరాయిడ్ మాత్ర కూడా వాడుతున్నాను. మూడు నెలలుగా ఉదయం థైరాయిడ్ మాత్ర వేసుకున్న వెంటనే పెద్ద గిన్నెడు ఓట్స్ తేనె కలిపి తింటున్నాను. 4 కిలోలు తగ్గాను. అందుకని కొలెస్ట్రాల్ మాత్ర మానేసి, మెట్‌ఫార్మిన్ సగానికి తగ్గించాను. రాత్రి మూడు నాలుగుసార్లు మూత్రానికి లేవడంతో నిద్ర చాలడం లేదు, అరికాళ్లలో తిమ్మిరిగా ఉంటోంది. ఓట్స్ మొక్క నుంచి తీసిన చుక్కల మందు నరాలకు మంచిదంటున్నారు. ఎన్ని చుక్కలు వేసుకోవాలి?

జవాబు: చుక్కల సంగతి తరువాత చూద్దాం. బరువు తగ్గినందుకు మీరు సంతోషిస్తున్నారు కానీ, నాకు ఆందోళన కలిగించినది ఆ మాటే. షుగర్ మాత్ర తగ్గించిన వ్యక్తి బరువు తగ్గుతూ, రాత్రిళ్లు పదేపదే మూత్రానికి లేస్తున్నారంటే, అది ఓట్స్ గొప్పతనం కాకపోవచ్చు. రక్తంలో చక్కెర అదుపు తప్పి ఉండవచ్చు. మిమ్మల్ని పరీక్షించకుండా ఇదే కారణమని నిర్ధారించలేను. ఈ వారంలోనే మీ వైద్యుడిని కలిసి పరగడుపున, భోజనం తరువాత షుగర్, హెచ్‌బీఏ1సీ (గత మూడు నెలల సగటు షుగర్), లిపిడ్ ప్రొఫైల్ (కొలెస్ట్రాల్), క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు), టీఎస్‌హెచ్ (థైరాయిడ్) పరీక్షలు చేయించుకోండి. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవారిలో విటమిన్ బీ12 తగ్గి తిమ్మిర్లు రావచ్చు కాబట్టి దాన్నీ చూడాలి. ఈలోగా విపరీతమైన దాహం, వాంతులు, ఆయాసం, మగత కనిపిస్తే ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి.

ఓట్స్‌లోని బీటా గ్లూకాన్ అనే పీచు పేగులో జిగురులా మారి పిత్తరసంలోని ఆమ్లాలను పట్టుకుని మలంతో బయటకు పంపుతుంది. వాటిని మళ్లీ తయారుచేసుకోవడానికి కాలేయం రక్తంలోని కొలెస్ట్రాల్‌ను వాడుకుంటుంది. మేలు నిజమే, అయితే దాని కొలత తెలుసుకోండి. రోజుకు 3 గ్రాముల బీటా గ్లూకాన్ అందాలంటే దాదాపు 75 గ్రాముల పొడి ఓట్స్ తినాలి, అప్పుడు ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) తగ్గేది సుమారు 5 నుంచి 10 శాతం. మీరు మానేసిన కొలెస్ట్రాల్ మాత్ర (సాధారణంగా స్టాటిన్ రకం), మోతాదును బట్టి, 30 నుంచి 50 శాతం తగ్గిస్తుంది. ఆ మాత్ర పడక మానేశారా, అవసరం లేదనుకుని మానేశారా అన్నది మీరు రాయలేదు. పడకపోతే మార్చడానికి వేరే మందులున్నాయి. అవసరం లేదనుకుంటే ఆ నిర్ణయం రిపోర్టు చూసి వైద్యుడు తీసుకోవలసినది. మందులు సొంతంగా ఆపేసి, ఏడాది తరువాత గుండెనొప్పితో వచ్చేవారిని చూస్తూనే ఉంటాం గనుక కాస్త గట్టిగా చెబుతున్నాను.

పైగా ఆ 75 గ్రాముల ఓట్స్‌లో దాదాపు 50 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. దానికి తేనె తోడైతే షుగర్ ఉన్నవారికి లాభం కన్నా నష్టమే ఎక్కువ. తేనె మానేయండి, త్వరగా ఉడికే ఇన్‌స్టంట్ రకం బదులు ముతక రకం ఎంచుకోండి, ఓట్స్‌ను అల్పాహారానికి బదులుగానే తినండి, దానికి అదనంగా కాదు. థైరాయిడ్ మాత్ర పరగడుపున మంచినీళ్లతో వేసుకుని కనీసం అరగంట, వీలైతే గంట ఆగి తినండి. వెంటనే పీచు పదార్థం తింటే మందు సరిగా ఒంటబట్టదు.

ఇక చుక్కల మందు. పచ్చి ఓట్స్ మొక్క నుంచి తీసే ఈ సారాన్ని స్వల్ప మానసిక ఒత్తిడికి, నిద్రకు ఐరోపాలో సంప్రదాయంగా వాడతారు, కానీ దానికి బలమైన ఆధారాలు లేవు. మధుమేహం వల్ల వచ్చే తిమ్మిర్లకు అది చికిత్స కాదు. మీ నిద్ర చెడుతున్నది మూత్రానికి లేవడం వల్ల కాబట్టి, నిద్ర మందుతో ఆ కారణం పోదు. ఇలాంటి చుక్కల్లో చాలావాటికి ఆల్కహాల్ ఆధారం. అందుకే మోతాదు రాయడం లేదు. ఇప్పటికే కొని ఉంటే, రిపోర్టులతో పాటు ఆ సీసా కూడా తీసుకెళ్లి మీ వైద్యుడికి చూపించండి.