కావలిలో ఆలివ్ వేస్తే కాస్తుందా?

మనకూ పెద్ద వానలు అక్టోబరు తర్వాతే, ఎండాకాలమంతా చుక్క ఉండదు. మధ్యధరా దేశాల్లోనూ ఇంతే కాబట్టి కావలిలో ఆలివ్ కాస్తుందా అని అడిగారు. నేను వేసి చూశాను, అందుకే రాస్తున్నాను.

మాది నాగులుప్పలపాడు వైపు. ఎనిమిదేళ్ల కిందట నర్సరీలో రెండు మొక్కలు కొన్నాను. మూడేళ్లకే కాపు అన్నారు. ఒకటి మరుసటి కార్తీకంలో ముసురు పట్టి, రేగడిలో మొక్క మొదలు దగ్గర నీళ్లు నిలిచి చచ్చిపోయింది. గట్టు మీద పెట్టింది ఇంకా ఉంది. రోహిణి కార్తెలో కూడా ఆకు వాడలేదు. చిన్న మందపాటి ఆకు, అడుగున వెండి రంగు నూగు. తడి ఆరిపోకుండా కాపాడేది అదే. కానీ ఇన్నేళ్లలో ఒక్క పూత చూడలేదు. ఆ చెట్టు పూతకు రావాలంటే వారాల తరబడి గట్టి చలి ఉండాలి, రాత్రిళ్లు 10 డిగ్రీల లోపుకు దిగాలి. మనకు సంక్రాంతికి కూడా 20 దరిదాపుల్లోనే ఉంటుంది. రాజస్థాన్‌లో బికనేర్ వైపు ఆలివ్ తోటలు వేయగలిగారంటే అక్కడి చలికాలం వేరు.

అసలు మధ్యధరా దేశాల వాన పడమటి గాలులతో చలికాలమంతా కొంచెం కొంచెంగా పడుతుంది. మనది బంగాళాఖాతం వాన, వాయుగుండం వస్తే రెండు రోజుల్లో కుమ్మరించి పోతుంది. నెలలు దగ్గరగా ఉన్నంత మాత్రాన వాతావరణం ఒకటి కాదండి.

ఆ వైపు నుంచి వచ్చి మన దగ్గర నిజంగా స్థిరపడిన పైరు శనగ. దాని పుట్టిల్లు టర్కీ ఆగ్నేయం. టర్కీ, సిరియా రైతులు చలికాలం వానలు తగ్గాక, నేలలో మిగిలిన తడి మీద శనగ చల్లేవాళ్లు. మేమూ అదే లెక్కన అక్టోబరు చివర్లోనో నవంబరులోనో జేజీ-11 గానీ కాక్-2 గానీ, ఏదో ఒక శనగ రకం వేస్తాం. తర్వాత వాన లేకపోయినా పండుతుంది. పూత మీద ఉండగా ఎండ 35 దాటితే మాత్రం కాయ నిలవదు, అందుకే ఆలస్యంగా వేసిన ఏడాది నాకు టెన్షనే. తెల్లవారుజామున చేలో నడిస్తే ఆకు మీది మంచు పంచెకు అంటుతుంది, నాలుకకు తగిలితే పుల్లగా ఉంటుంది. చిన్నప్పుడు మా నాయనమ్మ రాత్రి పైరు మీద పలుచని గుడ్డ పరిచి, పొద్దున్నే పిండి ఆ పులుసు సీసాలో దాచేది. కడుపునొప్పి అంటే రెండు చుక్కలు నీళ్లలో కలిపి ఇచ్చేది.

ముచ్చటకైతే ఒక ఆలివ్ మొక్క మెరక మీద పెట్టుకోండి. ఆదాయం కోసం ఎకరాలు మాత్రం వేయొద్దు. మీది ఇసుక నేలా, రేగడా రాయండి. రేగడైతే శనగ గురించి వివరంగా చెబుతాను.