పాత ఫ్రిజ్‌లో సాసేజ్‌కు పొగబెట్టవచ్చునా?

ప్రశ్న: మేము అమెరికాలోని విస్కాన్సిన్‌లో ఉంటున్నాము. నవంబరు వేట కాలంలో నాతో పనిచేసే వారొకరు ప్రతి ఏటా జింక మాంసం ఇస్తుంటారు. దానితో ఇంట్లోనే సాసేజ్ చేసి పొగబెట్టాలని ఉంది. పక్కింటి పెద్దాయన తన షెడ్డులో మూలపడి ఉన్న పాత ఫ్రిజ్‌ను ఊరికే తీసుకుపొమ్మంటున్నారు. బయట పొయ్యి పెట్టి, గొట్టం ద్వారా దానిలోకి పొగ పంపితే సరిపోతుందా? మా నాయనమ్మ ఏటా ఒట్టి తునకలు పెట్టేది. ఇదీ అలాంటిదే కదా అని నా ధైర్యం. (విస్కాన్సిన్ పాఠకుడు)

జవాబు: ముందుగా ఆ ధైర్యం సంగతి చూద్దాము. ఒట్టి తునకల కోసం మాంసాన్ని పలుచగా చీల్చి, ఉప్పూ పసుపూ పట్టించి, నీరంతా ఇగిరిపోయేదాకా గాలీ ఎండా తగిలేలా దండెం మీద ఆరవేస్తారు. తినే ముందు మళ్లీ బాగా ఉడికిస్తారు. సాసేజ్‌లో ఇందుకు పూర్తిగా విరుద్ధంగా జరుగుతుంది. మాంసాన్ని ఖైమా చేసినప్పుడు పైన ఉండే సూక్ష్మజీవులు లోపలిదాకా కలిసిపోతాయి, దానిని పేగులో బిగించి కూరితే లోపలికి గాలి ఆడదు, ఆపై గంటల తరబడి గోరువెచ్చని పొగలో వేలాడుతుంది. గాలి లేని తేమలో పెరిగి విషం పుట్టించే క్లోస్ట్రీడియం బొట్యులినం అనే బ్యాక్టీరియాకు ఇంతకన్నా అనువైన చోటు ఉండదు. జర్మనీలోని వుర్టెంబర్గ్‌లో సాసేజ్‌లు తిని జనం చనిపోతున్న తీరును యుస్టినుస్ కెర్నర్ అనే వైద్యుడు (ఆయన కవి కూడా) 1820, 1822లలో వివరంగా నమోదు చేసి, గాలి తగలని చోటనే ఆ విషం పుడుతున్నదని అప్పుడే గుర్తించాడు.

అందువల్ల పొగ పెట్టే సాసేజ్‌కు ఆ బ్యాక్టీరియాను పెరగనివ్వని నైట్రైట్ ఉప్పు తప్పనిసరి. అమెరికాలో క్యూరింగ్ సాల్ట్ నంబర్ 1 పేరుతో అమ్మే దానిలో 6.25 శాతం సోడియం నైట్రైట్, మిగిలినది మామూలు ఉప్పు. కిలో మాంసానికి రెండున్నర గ్రాములు చాలు, చెంచాతో కాక చిన్న త్రాసుతో తూచి వేయండి. ఎక్కువైతే అదే విషమవుతుంది. వంటింటి ఉప్పుతో పొరబడకుండా దానికి గులాబీ రంగు కలుపుతారు. మన ఇళ్లలో ఇక్కడే ఒక చిక్కు ఉంది: ఇండియన్ స్టోరులో దొరికే సైంధవ లవణం కూడా గులాబీ రంగులోనే ఉంటుంది. దానిలో నైట్రైట్ ఉండదు. రెండు డబ్బాలనూ ఒకే అరలో పెట్టకండి.

ఇక ఫ్రిజ్. లోపలి గోడలు పింగాణీ పూత పూసిన ఉక్కువై, మధ్యలో గాజు ఉన్ని కూరి ఉన్న పాతకాలపుదైతే ఆలోచించవచ్చును. ప్లాస్టిక్ గోడలు, ఫోమ్ ఉన్న తర్వాతి కాలపుదైతే పెద్దాయనకు నమస్కారం చెప్పి వదిలేయండి. వేడికి ఆ ప్లాస్టిక్ మెత్తబడి, దాని ఆవిరి మాంసానికి పడుతుంది. తీసుకున్నదానిలోని గ్యాస్‌ను అర్హత ఉన్న మెకానిక్ చేత తీయించాకే రంధ్రాలు వేయాలి, అమెరికాలో ఇది చట్టం కూడా. పాత అరల కమ్మీలకు కాడ్మియం పూత ఉండవచ్చు కనుక వాటిని పారవేసి స్టెయిన్‌లెస్ స్టీలువి పెట్టండి. తలుపు రబ్బరును తీసి, వేడికి తట్టుకునే గాజునార తాడు వేయాలి. బయటినుంచి గడియ పడే తలుపైతే గడియను ఊడదీయండి: లోపల చిక్కుకున్న పిల్లలు ఊపిరాడక చనిపోతున్నందువల్లనే, లోపలినుంచి తోస్తే తెరుచుకునే తలుపులు ఉండాలని అమెరికా 1956లో చట్టం చేసింది.

బయటి పొయ్యి ఆలోచన నాకు నచ్చలేదు. విస్కాన్సిన్ నవంబరు చలిలో గొట్టం గుండా వచ్చే పొగ చల్లారిపోతుంది. రంగు వస్తుంది గానీ మాంసం ఉడకదు. అడుగున కరెంటు హాట్ ప్లేట్ పెట్టి, దానిమీద ఇనుప మూకుడులో హికరీ లేదా ఆపిల్ చెక్క పొట్టు వేసి, పైన తెరిచి మూసే పొగగూడు అమర్చండి. మాంసం లేకుండా ఒకసారి బాగా వేడెక్కించి వాసన చూడండి, రంగు కాలిన వాసన గానీ ప్లాస్టిక్ వాసన గానీ వస్తే ఆ పెట్టె పనికిరాదు.

జింక మాంసంలో కొవ్వు తక్కువ కనుక పావు వంతు పంది కొవ్వు కలపండి. మొదట పొగ లేకుండా, పొగగూడు పూర్తిగా తెరిచి, 55 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఒక గంట ఆరనివ్వండి. పేగు పైన వేలు పెడితే తడి అంటకూడదు, కొద్దిగా జిగటగా మాత్రం ఉండాలి. తడిగా ఉండగా పొగ పెడితే చారలు పడి చేదెక్కుతుంది. ఆ తర్వాత పొగ పెడుతూ వేడిని మెల్లగా 75 దాకా పెంచండి. 80 దాటితే లోపలి కొవ్వు కరిగి కారిపోయి, సాసేజ్ పిప్పిలా మిగులుతుంది. తలుపుకు బిగించే థర్మామీటరు పెట్టెలోని వేడిని మాత్రమే చెబుతుంది; సాసేజ్ నడిమధ్యన గుచ్చిన థర్మామీటరు 71 చూపేదాకా పని అయినట్టు కాదు. గంటలు గడిచినా కదలకపోతే నిస్సంకోచంగా వంటింటి ఒవెన్‌లోకి మార్చండి. పొగ రుచి అప్పటికే పట్టి ఉంటుంది. దించగానే చన్నీళ్లు పోసి చల్లార్చి, ఫ్రిజ్‌లో (పనిచేసే ఫ్రిజ్‌లోనే) మూడు నాలుగు రోజులు, అంతకు మించితే ఫ్రీజర్‌లో ఉంచండి.

ప్రశ్న: పాత ఇనుము దుకాణంలో 200 లీటర్ల డ్రమ్ము కొన్నాము. దానిలో కోడి మాంసం సాసేజ్‌కు పొగబెడితే ప్రమాదమా? నైట్రైట్ ఉప్పు దొరక్కపోతే సురేకారం వేయవచ్చా? ఏ కట్టె మంచిది? (హైదరాబాదు పాఠకురాలు)

జవాబు: ఆ డ్రమ్ములో ఇంతకు ముందు ఏముండేదో దుకాణదారు కచ్చితంగా చెప్పగలిగితేనే వాడండి. పురుగుమందులో రసాయనాలో ఉన్న డ్రమ్మును ఎంత కడిగినా, ఎంత కాల్చినా నమ్మలేము. వంటనూనె డ్రమ్మే అయినా లోపలి పూతా బయటి రంగూ పోయి నల్ల ఇనుము కనబడేదాకా ఆరుబయట మంట పెట్టి కాల్చి, తీగ బ్రష్‌తో రుద్ది, నూనె పట్టించాలి. జింకు పూత ఉన్నది వద్దు. బాల్కనీలోనో మూసిన వరండాలోనో పెట్టకండి, కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. మేడమీద ఆరుబయట మాత్రమే పెట్టండి.

సురేకారం వద్దు. అది నైట్రేట్, బ్యాక్టీరియా దానిని మెల్లగా నైట్రైట్‌గా మార్చాకే పనిచేస్తుంది. కొద్ది గంటల పొగకు ఆ వ్యవధి చాలదు, మోతాదునూ అంచనా వేయలేము. నైట్రైట్ దొరకకపోతే సాసేజ్‌ను ముందే ఆవిరిపై లోపల 74 డిగ్రీలు వచ్చేదాకా ఉడికించి, రుచి కోసం మాత్రం కొద్దిసేపు పొగ చూపించండి.

కట్టెలకు మామిడి, జామ మంచివి, అవి బాగా ఎండి ఉండాలి. జిగురు కారే పైన్ జాతి కట్టెలు మసి పట్టిస్తాయి. పొట్టు కావాలంటే వడ్రంగి దుకాణం నుంచి తేవద్దు, అక్కడి పొట్టులో ప్లైవుడ్ జిగురూ చెద మందూ కలిసి ఉంటాయి. సామిల్లుకు వెళ్లి, మీ ఎదుట ఒకే దుంగను కోసినప్పుడు రాలిన పొట్టును అడగండి.