పెళ్లికి ముందు ఒప్పందం: ఏ కాగితానికి బలముంది?

ప్రశ్న: నాకు 29 ఏళ్లు. కడపలో ప్రైవేటు బ్యాంకులో పనిచేస్తున్నాను. నాన్న లేరు, అమ్మ నా దగ్గరే ఉంటుంది. 2021లో లోను పెట్టి నా పేరు మీద ఫ్లాటు కొన్నాను. అమ్మ ఇచ్చింది, నేను చేయించుకున్నది కలిపి 30 తులాల బంగారం ఉంది. మాఘమాసంలో పెళ్లి. అబ్బాయిది అనంతపురం, ఉద్యోగం బెంగళూరులో. వాళ్లన్న నూనె మిల్లు లోనుకు ఈ అబ్బాయి జామీను ఉన్నాడు. ‘దాని వల్ల నీకు ఇబ్బంది రాకూడదు, ప్రీనప్ (పెళ్లికి ముందే ఆస్తుల ఒప్పందం) రాసుకుందాం’ అని తనే అన్నాడు. ఒక వెబ్‌సైటు 4,999 రూపాయలకు నమూనా ఇస్తానంటోంది. కోర్టు దగ్గర నోటరీ అయితే 1,500. తెలిసిన అడ్వకేటు 25,000 అడిగారు. మా మేనమామేమో ‘పెండ్లికి ముందే విడాకుల కాగితం రాసేదేందిమ్మా’ అంటున్నాడు. ఏ దారి మంచిది?

జవాబు: ముందు ఒక మాట. తనకున్న జామీను సంగతి నిశ్చితార్థం దగ్గరే బయటపెట్టిన అబ్బాయి దొరకడం చిన్న విషయం కాదు. నా దగ్గరికి వచ్చే జంటల్లో చాలామందికి ఇలాంటివి మొదటి బ్యాంకు నోటీసుతోనే తెలుస్తాయి.

ఇక మీరడిగిన మూడు దారులు. హిందూ వివాహాన్ని మన చట్టం సంస్కారంగా చూస్తుంది. విడిపోతే ఎవరికెంత అని ముందే రాసుకున్న కాగితాన్ని, 1872 కాంట్రాక్టు చట్టం 23వ సెక్షన్ కింద ప్రజావిధానానికి విరుద్ధమని కోర్టులు పక్కన పెట్టేస్తాయి. భరణం అడగనని మీరు సంతకం చేసినా అది నిలవదు. దేశంలో గోవాలో మాత్రం పోర్చుగీసు కాలపు సివిల్ కోడు వల్ల ఇలాంటి ఒప్పందానికి చోటుంది. మన కడప, కర్నూలు ముస్లిం కుటుంబాల్లో నిఖాయే ఒక ఒప్పందం కాబట్టి మెహర్ (భర్త భార్యకు ఇవ్వాల్సిన సొమ్ము), నిఖానామాలో (పెళ్లి పత్రంలో) రాసుకునే షరతుల సంగతి వేరు. మీకు ఆ రెండూ వర్తించవు.

వెబ్‌సైటు నమూనాలు కొన్ని చూశాను. కాలిఫోర్నియాలో పనికొచ్చే మాటలకు తెలుగు పేర్లు తగిలించినట్టుంటాయి. అక్కడ పెళ్లయ్యాక ఇద్దరూ సంపాదించింది ఇద్దరిదీ చెరిసగం, అందుకే వాళ్లకు ఆ కాగితం అవసరం. అక్కడ కూడా చివరి ప్రతి చేతికిచ్చాక కనీసం 7 రోజులు ఆగితేనే సంతకం చెల్లుతుంది. సొంత లాయరు లేకుండా భరణం వదులుకుంటే అదీ చెల్లదు. మన దగ్గర తాళి కట్టినంత మాత్రాన మీ ఫ్లాటులో సగం ఎవరికీ పోదు. ఎవరి పేరు మీద ఉన్నది వాళ్లదే. చట్టం ఊరికే ఇచ్చేదానికి మీరు 4,999 కట్టనవసరం లేదు.

నోటరీ ముద్ర సంతకం మీదేనని చెబుతుంది, అంతే. లోపల రాసినదానికి కొత్త బలం రాదు. పైగా అలాంటి కాగితాల్లో ‘ఆడపెళ్లివారు ఇంత ఇచ్చుటకు ఒప్పుకున్నారు’ అని ఒక వాక్యం దూరుతుంటుంది. 1961 వరకట్న చట్టం కింద తీసుకున్నవాళ్లతో పాటు ఇచ్చినవాళ్లూ దోషులే. మన నేరానికి మనమే సాక్ష్యం రాసిచ్చినట్టవుతుంది.

అడ్వకేటు 25,000 మాత్రం దండగ కాదు, అయితే పని మార్చండి. ఒప్పందం బదులు కింది కాగితాలు రాయించండి. అబ్బాయి తరఫున చూసేవారు వేరే అడ్వకేటు అయితే మేలు.

అన్నిటికంటే ముందు విల్లు. పెళ్లి పనుల మధ్య ఈ మాటెత్తితే ఇంట్లో పెద్దవాళ్లు అపశకునం అంటారు, తెలుసు. అయినా చదవండి. 1956 హిందూ వారసత్వ చట్టం 15వ సెక్షన్ ప్రకారం, విల్లు లేకుండా పెళ్లయిన స్త్రీ పోతే ఆమె సొంత సంపాదన పిల్లలకు, భర్తకు వెళ్తుంది. వాళ్లు లేకపోతే భర్త వారసులకు. తల్లిదండ్రుల వంతు ఆ తర్వాతే. 2009లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన కేసులో, పెళ్లయిన మూడు నెలలకే భర్త పోయి, అత్తింటివాళ్లు గెంటేస్తే ఆమె పుట్టింట్లో ఉండి ఉద్యోగం చేసి సంపాదించుకుంది. ఆమె పోయాక ఆ సొమ్ము తల్లికి దక్కలేదు, భర్త అక్కాచెల్లెళ్ల పిల్లలకు వెళ్లింది. తల్లిదండ్రుల నుంచి వారసత్వంగా వచ్చిన ఆస్తికి మినహాయింపు ఉంది గానీ, మీ అమ్మ బతికుండగా చేతికిచ్చిన బంగారం ఆ లెక్కలోకి రాదు. మీ మీదే ఆధారపడ్డ అమ్మ ఉన్నారు కాబట్టి ఫ్లాటులో, బంగారంలో ఆమెకెంతో విల్లులో రాయండి. స్టాంపు ఖర్చు లేదు, ఇద్దరు సాక్షులు చాలు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, చేయిస్తే మంచిది. హిందువులకు పెళ్లితో పాత విల్లు రద్దు కాదు, ఇప్పుడే రాయొచ్చు. క్రైస్తవులైతే పెళ్లయ్యాక మళ్లీ రాసుకోవాలి.

రెండోది బంగారం. పెళ్లికి ముందు కాగితం అని మీరు వెతుకుతున్నదానికి దగ్గరగా ఉన్నదాన్ని చట్టమే అడుగుతోంది. వరకట్న చట్టం కింద 1985లో వచ్చిన నిబంధనల ప్రకారం వధువుకు, వరుడికి వచ్చిన కానుకలకు విడివిడిగా జాబితా రాయాలి. వస్తువు, సుమారు విలువ, ఇచ్చినవారి పేరు, బంధుత్వం, కింద వధూవరులిద్దరి సంతకాలు. పది పెళ్లిళ్లలో ఒకరైనా రాస్తారా అన్నది నా అనుమానం. తులం అని రాయకుండా గ్రాముల్లో రాయండి. పాత తులం 11.66 గ్రాములు, ఇప్పుడు కొట్లలో తులమంటే 10. ప్రొద్దుటూరులో కొన్నా ఇంకెక్కడ కొన్నా ఎస్టిమేట్ చీటీతో సరిపెట్టుకోకుండా జీఎస్టీ బిల్లు మీ పేరునే తీసుకోండి. లాకరు కూడా మీ పేరునే ఉండనివ్వండి.

ఇప్పుడు జామీను. చట్టం దృష్టిలో జామీనుదారు బాధ్యత అప్పు తీసుకున్నవాడితో సమానం. మిల్లు కిస్తీలు ఆగితే బ్యాంకు నేరుగా అబ్బాయి దగ్గరికి రావచ్చు. భార్య అయినంత మాత్రాన మీ దగ్గరికి రాలేదు, మీరు సంతకం పెడితే తప్ప. లోను రెన్యువల్‌కో, పెంచడానికో ‘ఫార్మాలిటీకి’ కొత్త కోడలి సంతకం అడగడం మామూలే. మీరూ బ్యాంకులోనే ఉన్నారు, ఆ ఫార్మాలిటీ ఏంటో మీకు చెప్పాలా? ఇద్దరూ క్రెడిట్ రిపోర్టులు (ఎవరి పేరున ఏ అప్పులున్నాయో చూపే కాగితాలు) మార్చుకోండి, ఏడాదికోసారి ఉచితం. జామీను ఎంతకు, ఇంకా బాకీ ఎంత, మిల్లు స్థలం తాకట్టులో ఉందా లేదా, అడ్వకేటుతో చూపించుకోండి. భయంతో తన ఆస్తి మీ పేరుకు రాస్తానంటే వద్దనండి. అప్పులవాళ్లను తప్పించుకోవడానికి చేసిన బదిలీని కోర్టు కొట్టేయగలదు.

దీనికి సరైన మందు 1874 వివాహిత స్త్రీల ఆస్తి చట్టంలో ఉంది. పెళ్లయ్యాక అబ్బాయి తన మీద టర్మ్ పాలసీ (జీవిత బీమా) తీసుకుంటూ, ప్రపోజల్ ఫారంతోనే (దరఖాస్తుతోనే) ఈ చట్టం కింద మిమ్మల్ని లబ్ధిదారుగా పెట్టాలి. అప్పులవాళ్లను మోసం చేసే ఉద్దేశంతో తీసుకున్నదని తేలితే తప్ప, ఆ సొమ్మును మిల్లు అప్పుకు ఎవరూ జప్తు చేయలేరు. తర్వాత చేర్చుకుందాంలే అంటే కుదరదు. ఇప్పటికే ఉన్న పాలసీకి ఇది వర్తించదు.

చిన్నవి రెండు. పీఎఫ్‌లో మీరు అమ్మ పేరు నామినీగా పెట్టి ఉన్నా పెళ్లవగానే అది చెల్లదు, మళ్లీ పెట్టుకోవాలి. ఫ్లాటు ఈఎంఐ పెళ్లయ్యాక కూడా మీ జీతం ఖాతా నుంచే పోనివ్వండి. అబ్బాయి సాయం చేస్తానంటే ఇంటి ఖర్చు తీసుకోమనండి.