అమ్మ కోసం ఇంట్లో చేయించిన మార్పులకు టాక్స్ మినహాయింపు వస్తుందా?

ప్రశ్న: మేం టెక్సస్‌లో ఉంటాం. నాన్నగారు పోయాక అమ్మను గ్రీన్‌కార్డు మీద తెచ్చుకున్నాం. 2022 చివర్లో పక్షవాతం వచ్చి ఆమెకు కుడి వైపు పడిపోయింది. వీల్‌చైర్ తిరగడానికి 2023లో ర్యాంపు కట్టించి, తలుపులు వెడల్పు చేయించి, బాత్రూమ్ మార్పించి, మేడ మీదికి లిఫ్టు పెట్టించాం. పనిలో పనిగా వంటగది కూడా కొత్తగా చేయించాం. మొత్తం 68,000 డాలర్లు, కాంట్రాక్టరు బిల్లులో ‘రీమోడలింగ్’ అని ఒకే లైను ఉంది. అన్నయ్యలు పైసా ఇవ్వలేదు, పైగా సూటిపోటి మాటలు. అమ్మకు ఇండియా బ్యాంకులో ఏడాదికి 6,000 డాలర్ల దాకా ఫ్యామిలీ పింఛను పడుతుందని ఆమెను డిపెండెంట్‌గా (మా మీద ఆధారపడిన మనిషిగా) చూపలేదు. స్టాండర్డ్ డిడక్షన్ (ఖర్చుల లెక్క చూపకుండా తీసుకునే నిర్ణీత మినహాయింపు) తీసుకుని 2024 మార్చిలో రిటర్ను వేసేశాం. డాక్టరు దగ్గర పాత తేదీతో ఉత్తరం, కాంట్రాక్టరు దగ్గర వంటగది ఊసు లేని కొత్త బిల్లు తీసుకుంటే మొత్తం క్లెయిమ్ చేయొచ్చని ఫ్రెండ్ అంటున్నాడు. నిజమేనా?

జవాబు: మీ అన్నయ్యల సంగతి అమెరికా పన్నుల శాఖ ఐఆర్‌ఎస్‌కు అక్కర్లేదు. తేలాల్సింది ఒక్కటే: 2023లో అమ్మ పోషణ ఖర్చులో సగానికి మించి మీరే పెట్టారా? పెట్టి ఉంటే, డిపెండెంట్‌గా చూపకపోయినా ఆమె వైద్య ఖర్చు మీ షెడ్యూల్ ఏలో (స్టాండర్డ్ డిడక్షన్‌కు బదులు ఖర్చులు విడివిడిగా చూపే ఫారం) వేసుకోవచ్చు. ఆ ఏడాది డిపెండెంట్‌కు ఆదాయ పరిమితి 4,700 డాలర్లు. పింఛను దాన్ని దాటింది, నిజమే. కానీ వైద్య ఖర్చుల విషయంలో ఆ పరిమితి చూడరు. ఈ ఒక్క ముక్క రిటర్ను వేసేముందు ఎవరినైనా అడిగి ఉంటే ఇప్పుడీ తిప్పలు ఉండేవి కావు.

పింఛనులో అమ్మ తన కోసం ఖర్చుపెట్టుకున్నదే ఆమె వాటా. ఇండియా బ్యాంకులో ఊరికే ఉన్న సొమ్ము పోషణ లెక్కలోకి రాదు. ఆమె ఉంటున్న గదికి తగిన అద్దె విలువ, తిండి, మందులు మీ వాటా. అందుకని ఆ ఖాతా స్టేట్‌మెంట్ తెప్పించండి. ఆమె విదేశీ ఖాతాలన్నీ కలిపి ఏ రోజైనా 10,000 డాలర్లు దాటి ఉంటే ఎఫ్‌బార్ (విదేశీ ఖాతాల వివరాలిచ్చే ఫారం) వేశారో లేదో ముందు చూసుకోండి. ఒకచోట సాక్ష్యంగా పెట్టిన కాగితం ఇంకోచోట మీకే ఎదురు తిరుగుతుంది.

ఇక ఖర్చు. ర్యాంపు, తలుపులు, పట్టుకునే కడ్డీలు, వీల్‌చైర్ వెళ్లే బాత్రూమ్: మామూలుగా వీటివల్ల ఇంటి విలువ పెరగదు కాబట్టి సబబైన ఖర్చంతా చెల్లుతుంది. లిఫ్టు అలా కాదు. దానివల్ల ఇంటి విలువ ఎంత పెరిగిందో అంత తీసేయాలి, మిగిలిందే వైద్య ఖర్చు. వంటగదికి సున్నా.

మీ బిల్లులో ఇవన్నీ విడివిడిగా లేవు, ‘రీమోడలింగ్ 68,000’ అని ఒకే లైను ఉంది. అంత డబ్బు పోసేటప్పుడు ఇలాంటి బిల్లు ఎలా తీసుకున్నారండీ? ఉదాహరణకు ర్యాంపు, తలుపులు, బాత్రూమ్ 21,500, లిఫ్టు 32,000, వంటగది 14,500 అనుకుందాం. లిఫ్టు వల్ల ఇంటి విలువ 20,000 పెరిగిందని అప్రైజర్ (ఇంటి విలువ కట్టే నిపుణుడు) తేల్చితే వైద్య ఖర్చు 33,500. మీ ఏజీఐ (రిటర్నులో సర్దుబాట్లు పోగా తేలిన ఆదాయం)లో 7.5 శాతం దాటిన వైద్య ఖర్చే చెల్లుతుంది. ఏజీఐ 1,80,000 అయితే అందులో 7.5 శాతం, అంటే 13,500 పోగా మిగిలేది 20,000. ప్రాపర్టీ టాక్సు, ఇంటి లోను వడ్డీ కలిపి ఇంకో 20,000 ఉంటే మొత్తం 40,000. మీరు ఇప్పటికే తీసుకున్న స్టాండర్డ్ డిడక్షన్ 27,700. తేడా 12,300. 22 శాతం శ్లాబులో చేతికొచ్చేది సుమారు 2,700 డాలర్లు. అయినా అది మీ డబ్బు, వదులుకోవద్దు.

మీ ఫ్రెండ్ చెప్పిన దారిలో మాత్రం అడుగు పెట్టకండి. పాత తేదీ వేసిన ఉత్తరం, మార్చిన బిల్లు దొంగ కాగితాలే. మోసమని తేలితే ఎగ్గొట్టిన పన్నుపై 75 శాతం పెనాల్టీ. తెలిసి తప్పుడు రిటర్ను మీద సంతకం చేస్తే మూడేళ్ల దాకా జైలు. ప్రభుత్వానికి నష్టం 10,000 డాలర్లు దాటిన అలాంటి కేసులో శిక్ష పడితే పౌరులు కానివాళ్లను దేశం నుంచి పంపవచ్చని 2012లో అమెరికా సుప్రీంకోర్టు కవాషిమా కేసులో తేల్చింది. మీ మొత్తం అంత కాకపోయినా, దొంగ కాగితం ఒకటి పట్టుబడితే నిజమైన బిల్లులను కూడా ఎవరూ నమ్మరు.

చేయాల్సింది ఇదీ. డాక్టరుగారిని ఈరోజు తేదీతోనే ఉత్తరం ఇవ్వమనండి. 2022 ఆస్పత్రి డిశ్చార్జి కాగితాలు, థెరపిస్టు నోట్స్ చూసి, ఏ మార్పు ఎందుకు అవసరమైందో అందులో రాయాలి. కాంట్రాక్టరు పాత ఎస్టిమేటు, పర్మిట్లు, ఈమెయిళ్లు తీసి, వాటి ఆధారంగా పనివారీ ఖర్చు వంటగదితో సహా రాయించుకోండి. లిఫ్టుకు ముందు, తర్వాత ఇంటి విలువ ఎంతో లైసెన్సున్న అప్రైజర్‌తో రిపోర్టు తీసుకోండి. డబ్బు 2023లోనే మీ ఖాతా నుంచి వెళ్లిందని బ్యాంకు, కార్డు స్టేట్‌మెంట్లు చూపించాలి. హెచ్‌ఎస్‌ఏ (వైద్య ఖర్చుల కోసం పన్ను లేకుండా దాచుకునే ఖాతా) నుంచి కట్టింది ఏదైనా ఉంటే తీసేయండి.

తర్వాత షెడ్యూల్ ఏ జతచేసి, వేసిన రిటర్నును సవరించే ఫామ్ 1040-ఎక్స్ వేయండి. మీరు రిటర్ను గడువుకు ముందే వేశారు కాబట్టి రీఫండు అడిగే మూడేళ్లు 2024 ఏప్రిల్ 15 నుంచి లెక్క. 2027 ఏప్రిల్ 15 దాటితే ఎంత మంచి కాగితాలున్నా రీఫండు రాదు. అప్రైజర్‌కు ఈ వారమే ఫోన్ చేయండి. వంటగది బిల్లు కూడా దాచండి. అదీ, లిఫ్టులో తీసేసిన 20,000 ఇంటి కొన్న ధరకు కలుస్తాయి, రేపు ఇల్లు అమ్మినప్పుడు లాభం ఆ మేరకు తగ్గుతుంది.