రాత్రి చదువు, పొద్దుటి షుగర్

రాత్రి పన్నెండు దాకా జంతికలు తింటూ నవల చదువుతానని, పరగడుపున షుగర్ 170 వస్తోందని రాశారు కదండీ. దయచేసి పుస్తకం మాత్రం మానకండి! మానవలసింది జంతికల డబ్బా. కథలో పడితే ఎన్ని తిన్నామో తెలియదు. నిద్ర తగ్గినా ఇన్సులిన్ సరిగా పనిచేయదు, పదిన్నరకే దీపం ఆర్పేయండి.

కొన్నాళ్లు పడుకునేముందు, తెల్లవారుజామున మూడింటికి, లేవగానే షుగర్ చూసి రాసుకోండి. మూడింటికి బాగుండి, లేచేసరికి పెరిగితే అది వేకువ హార్మోన్ల ప్రభావం కావచ్చు. ఆ కాగితం డాక్టరుగారికి చూపించండి, మందు మోతాదు మీరే మార్చకండి.

షుగర్‌ను ఒక్కోసారి మరీ తగ్గించేసే గ్లిమెపిరైడ్ మాత్ర వాడుతున్నారన్నారు కాబట్టి, చదువుతుండగా చెమట, వణుకు వస్తే వెంటనే పరీక్షించుకోండి. 70 కన్నా తక్కువుంటే 15 గ్రాముల గ్లూకోజ్ తీసుకుని, 15 నిమిషాలకు మళ్లీ చూడండి. మంచం పక్కన జంతికలకు బదులు ఆ గ్లూకోజ్ పొడి ఉంచుకోండి.