యెరూషలేములో యూదుల, ముస్లింల పవిత్ర స్థలాల గురించి రాసేటప్పుడు మీడియా ఒక పక్కకు మొగ్గుతుందా?

మొగ్గుతుంది. కాకపోతే పెద్ద అబద్ధాలతో కాదు, చిన్న చిన్న మాటలతో. ఒక తెలుగు పత్రికలో కొన్నేళ్లు రాత్రి డెస్కులో ఏజెన్సీ వార్తలు అనువదించాను. నేను చేసిన తప్పే చెబుతాను.

యూదులు టెంపుల్ మౌంట్ అనే, ముస్లింలు హరమ్ అల్ షరీఫ్ అనే గుట్ట గురించి ఒకసారి ఇలా రాశాను: "ఇక్కడ పూర్వం యూదుల దేవాలయం ఉండేదట. మహమ్మద్ ప్రవక్త ఇక్కడి నుంచే స్వర్గారోహణం చేశారు." మా సీనియర్ ఆ 'ట' చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి, "తారుమారు చేశావేంటయ్యా" అన్నారు. నిజమే. క్రీ.శ. 70లో రోమన్లు కూల్చిన ఆలయం చరిత్ర. అక్కడి నుంచి దోచుకెళ్లిన ఏడు కొమ్మల దీపస్తంభం బొమ్మ రోములో టైటస్ తోరణం మీద ఇప్పటికీ కనిపిస్తుంది. 1925లో యెరూషలేములోని సుప్రీం ముస్లిం కౌన్సిల్ వేసిన గైడు పుస్తకం కూడా ఇది సొలొమోను ఆలయ స్థలమనడంలో వివాదం లేదని రాసింది. ప్రవక్త స్వర్గారోహణం విశ్వాసం. దానికి 'అని ముస్లింల విశ్వాసం' అని ఉండాలి. నేను చరిత్రకు 'ట' తగిలించి, విశ్వాసాన్ని కళ్లారా చూసినట్టు రాసేశాను. పక్షపాతమేమీ లేదు, ఎడిషన్ టైమ్ దాటిపోతోందన్న టెన్షన్, అంతే. చదివేవాళ్లకు ఆ సంగతి ఎలా తెలుస్తుంది?

అలాగని మొగ్గు ఒక్క పక్కకే ఉంటుందనుకోకండి. ముస్లింలకు అల్ అఖ్సా అంటే ఆ గుట్ట మీద దక్షిణాన ఉన్న మసీదు ఒక్కటే కాదు, సుమారు 35 ఎకరాల ఆవరణంతా. పోలీసులు ఆవరణలోకి వెళ్తే 'మసీదులోకి వెళ్లలేదుగా' అని మనం తేలిగ్గా తీసేస్తాం. యూదులు వెళ్తే ఇజ్రాయెల్ పత్రికల్లో 'సందర్శించారు', అరబ్ పత్రికల్లో 'చొరబడ్డారు' అని వస్తుంది. వార్త ఎటు నుంచి వస్తే మన క్రియాపదం అటు తిరుగుతుంది. నేనైతే 'వెళ్లారు' అని రాసి, ఎంతమంది వెళ్లారు, ప్రార్థన చేశారా లేదా అన్నది చెబుతాను. 1967 నుంచి నడుస్తున్న ఏర్పాటు ప్రకారం ముస్లింలు కానివాళ్లు చూడొచ్చు గానీ ప్రార్థన చేయకూడదు. అసలు గొడవంతా అక్కడే.

ఇక ఫొటోలు. బంగారు గుమ్మటం వేసి 'అల్ అఖ్సా మసీదు' అని క్యాప్షన్ పెట్టాం. మర్నాడు పాతబస్తీ నుంచి ఒకాయన ఫోన్: "భయ్యా, ఆవరణంతా అఖ్సానే గానీ, ఆ బంగారు గుమ్మటం వేరే కట్టడం. మసీదు గుమ్మటం బూడిద రంగులో ఉంటుంది." సవరణ వేశాం. నెల తిరక్కుండా అదే ఫొటో, అదే క్యాప్షన్. లైబ్రరీలో ఆ పేరుతోనే సేవ్ చేసి ఉంది మరి.