ఎమ్మెస్సీ చదివి ఆయా పనా అని అడిగిన తండ్రికి

ప్రశ్న: మా అమ్మాయి ఇంగ్లండ్‌లో సైకాలజీలో ఎమ్మెస్సీ పూర్తిచేసింది. చదువయ్యాక ఉద్యోగం చేసుకోవడానికి ఇచ్చే రెండేళ్ళ గ్రాడ్యుయేట్ వీసా 2027 జూన్ దాకా ఉంది. ఈ మధ్య ఒక ఏజెన్సీ ద్వారా స్పెషల్ స్కూల్లో టీచింగ్ అసిస్టెంట్‌గా చేరింది. ఆటిజం ఉన్న తొమ్మిదేళ్ళ బాబును చూసుకుంటుందట. వాడికి మాటలు రావట. అన్నం తినిపించడం, బాత్రూమ్‌కు తీసుకెళ్ళడం కూడా ఉంటుందంటోంది. మొన్న వీడియో కాల్‌లో చేతి మీద గీతలు చూశాను. ఎమ్మెస్సీ చదివి ఆయా పని చేస్తోందని నలుగురికీ ఏ మొహం పెట్టుకుని చెప్పను? ఇందులోనే ఉంటే స్పాన్సర్‌షిప్ వస్తుందని ఏజెంట్ అన్నాడట. ఉండమనాలా, ఆఫీసు ఉద్యోగం వెతుక్కోమనాలా, లేక డేటా అనలిటిక్స్‌లో ఇంకో మాస్టర్స్ చేయించాలా? పోల్చి చెప్పండి. బ్యాంకు లోన్ ఇంకా తీరలేదు.

జవాబు:

అన్నయ్యగారూ, మూడు దారులు పోల్చమన్నారు, పోలుస్తాను. కానీ మీ ఉత్తరం చదువుతూ నేను ఆగిపోయింది "నలుగురికీ ఏ మొహం పెట్టుకుని చెప్పను" అన్న దగ్గర. పిల్లల్ని విదేశాలకు పంపినవాళ్ళు రాసే ఉత్తరాల్లో ఈ మాట నాకు ఎన్నిసార్లు కనిపించిందో లెక్కలేదు. వీసా అని మొదలుపెడతారు, జీతం అంటారు, చివరికి ఇది బయటపడుతుంది. అందుకే ముందు దీని సంగతి చూద్దాం.

మీ అమ్మాయి రోజు ఎలా గడుస్తుందో మీకు తెలుసా? పొద్దున ఎనిమిదిన్నరకల్లా స్కూల్లో ఉంటుంది. పిల్లవాడు మినీబస్సులోనో టాక్సీలోనో వస్తాడు. రాత్రి నిద్రపోయాడా, ఏమైనా తిన్నాడా అని వాడితో వచ్చినవాళ్ళను అడుగుతుంది. ఆ రోజు వాడు ఎంతవరకు తట్టుకోగలడో దాన్నిబట్టి అంచనా వేసుకుంటుంది. "ఇప్పుడు", "తర్వాత" అని రెండు గళ్ళున్న బోర్డు మీద బొమ్మలు అంటించి, ఏం జరగబోతోందో వాడికి చూపిస్తుంది. అది తెలియకపోతే వాడికి భయం. మాట్లాడుతూనే చేతులతో మకటాన్ అనే పద్ధతిలో సైగలు చేస్తుంది. పెక్స్ అని ఇంకో పద్ధతి ఉంది. 1985లో అమెరికాలో ఆండీ బాండీ, లోరీ ఫ్రాస్ట్ తయారుచేశారు. నీళ్ళు కావాలంటే పిల్లవాడు నీళ్ళ బొమ్మ ఉన్న కార్డు తీసి ఎదుటి మనిషి చేతిలో పెట్టాలి. వినడానికి ఎంత చిన్న విషయం! ఏడ్చి, గీరి, నేల మీద దొర్లి మాత్రమే అడగడం తెలిసిన పిల్లవాడు మొదటిసారి ఒక కార్డు చేతిలో పెట్టాడంటే, పుట్టి తొమ్మిదేళ్ళకు తన మాట ఒకటి చెప్పాడన్నమాట. ఆ కార్డు అందుకునేది మీ అమ్మాయే.

బాత్రూమ్ పని కూడా చదువులో భాగమే. 2014 నాటి చిల్డ్రన్ అండ్ ఫామిలీస్ చట్టం కింద, ఎక్కువ సాయం అవసరమైన పిల్లలకు అక్కడ ఈహెచ్‌సీపీ అనే ప్లాన్ రాస్తారు. అవసరాన్నిబట్టి అది 25 ఏళ్ళ వయసు దాకా సాగవచ్చు. చదువు, ఆరోగ్యం, సంరక్షణ మూడూ కలిపే రాస్తారు. తనంతట తాను బాత్రూమ్‌కు వెళ్ళడం, చెంచా పట్టుకుని తినడం లాంటివి చాలామంది పిల్లలకు అందులో లక్ష్యాలుగానే ఉంటాయి. ప్రవర్తన గురించి మీ అమ్మాయి పుస్తకంలో చదివినదంతా ఆ గదిలో రోజూ కళ్ళెదుట నడుస్తోంది.

మీకు కోపం వచ్చినా ఒక మాట అనాలి. ఆ పిల్లవాడికీ ఒక తండ్రి ఉన్నాడు. నలుగురికీ ఏం చెప్పాలో తెలియని రోజులు ఆయనకూ ఎన్నో గడిచి ఉంటాయి. ఆయన తన కొడుకును మీ అమ్మాయికి అప్పగించి ధైర్యంగా పనికి వెళ్తున్నాడు. మీరు నామోషీ అనుకుంటున్న ఉద్యోగం మీద ఒక ఇల్లు నిలబడి ఉందండీ. వీడియో కాల్‌లో మీ మొహంలో ఆ నామోషీ కనిపిస్తే అమ్మాయి మీకు చెప్పడం మానేస్తుంది. రేపటి నుంచి పొడుగు చేతుల చొక్కా వేసుకుని ఫోన్ చేస్తుంది. నాతో మాట్లాడే పిల్లల్లో ఇలా చేసినవాళ్ళు ఉన్నారు. అప్పుడు నిజంగా ప్రమాదం వచ్చినా మీకు తెలియదు.

గీతల గురించి మీ బాధ మాత్రం పూర్తిగా న్యాయమైనది. మాట రాని పిల్లవాడు నొప్పినీ భయాన్నీ చేతులతోనే చెబుతాడు. వాడి తప్పు లేదు. అలాగని మీ అమ్మాయి ఊరికే దెబ్బలు తింటూ ఉండాలని కూడా లేదు. ఆమెను రెండు విషయాలు అడగండి. పిల్లవాడు ఉద్రేకంలో ఉన్నప్పుడు ఎలా దగ్గరికి వెళ్ళాలో, ఎలా తప్పుకోవాలో ట్రైనింగ్ ఇచ్చారా? టీమ్ టీచ్ లాంటి కోర్సులు ఇందుకే ఉన్నాయి. గీరిన ప్రతిసారీ స్కూలు రికార్డులో రాస్తున్నారా? రాస్తేనే కదా, ఏ సమయంలో, ఏ శబ్దానికి వాడు అలా అవుతున్నాడో క్లాస్ టీచర్‌కు అర్థమయ్యేది. ఈ రెండూ జరగకపోతే క్లాస్ టీచర్‌కూ ఏజెన్సీకీ మెయిల్ పెట్టమనండి. ఏజెన్సీ మనిషి కదా అని ట్రైనింగ్ లేకుండా కష్టమైన పిల్లవాడి పక్కన కూర్చోబెట్టడం తప్పు. ఇంకో స్కూలుకు మార్చమని అడిగే హక్కు ఆమెకు ఉంది.

ఇక నేను భయపడే విషయం. మీరు ఉద్యోగం చూసి దిగులు పడుతున్నారు, ఏజెంట్ మాటకు మాత్రం ఊరట పడుతున్నారు. నాకైతే దిగులంతా ఆ మాట గురించే. ఇందులోనే ఉంటే స్పాన్సర్‌షిప్ వస్తుందన్నది నిజం కాదు. యజమాని స్పాన్సర్ చేస్తే వచ్చేది స్కిల్డ్ వర్కర్ వీసా. 2025 జూలై 22 నుంచి దానికి ఉద్యోగం మామూలుగా డిగ్రీ స్థాయిది అయి ఉండాలి. అంటే ఆ ఉద్యోగానికే డిగ్రీ స్థాయి నైపుణ్యం అవసరమని ప్రభుత్వ జాబితాలో ఉండాలి. చేసే మనిషికి ఎమ్మెస్సీ ఉన్నా సరిపోదు. టీచింగ్ అసిస్టెంట్ ఉద్యోగం ఆ స్థాయిలోకి రాదు. ఆమె ఎంత బాగా పనిచేసినా, ప్రిన్సిపాల్‌కు ఎంత ఇష్టమైనా, ఆ పోస్టు మీద స్కూలు వీసా ఇప్పించలేదు. ఈ సంగతి తెలిసి కూడా ఆశ పెట్టేవాళ్ళది అరిచేతిలో వైకుంఠం చూపించడమే. నా దగ్గరికి వచ్చిన ఒక అబ్బాయి ఇలాంటి మాట నమ్మి డబ్బు కూడా కట్టాడు. వీసా రాలేదు, డబ్బూ రాలేదు. స్పాన్సర్‌షిప్ సర్టిఫికెట్‌కు అయ్యే ఫీజు యజమానే భరించాలి. ఉద్యోగి నెత్తిన వేయకూడదని 2024 డిసెంబర్ 31 నుంచి స్కిల్డ్ వర్కర్ స్పాన్సర్లకు రూలే ఉంది. ఎవరైనా "ఇంత కట్టండి" అంటే ఆ ఫోన్ అక్కడే పెట్టేయండి.

దీనికి తోడు ఇంకో ఆశ నడుస్తోంది. సైకాలజీ చదివిన పిల్లలకు "ఈ ఉద్యోగం చేస్తే ఎడ్యుకేషనల్ సైకాలజిస్ట్ కావచ్చు" అని ప్రకటనలు ఇస్తున్నారు. సగం నిజం కాబట్టి ఇది మరీ ప్రమాదం. అలా కావడానికి చదవాల్సిన డాక్టరేట్ కోర్సుకు పిల్లలతో పనిచేసిన అనుభవం అడుగుతారు, స్పెషల్ స్కూల్ అనుభవానికి మంచి విలువ ఉంటుంది. కానీ అది మూడేళ్ళ కోర్సు. ఇంగ్లండ్‌లో ప్రభుత్వం ఫీజు కట్టి చదివించే సీట్లు, చదువు కాలమంతా, ఆ తర్వాత కూడా అక్కడ ఉండి పనిచేసే హక్కు ఉన్నవాళ్ళకే. గ్రాడ్యుయేట్ వీసా మీద ఉన్నవాళ్ళు అందులోకి రారు. మీ అమ్మాయి ఎమ్మెస్సీకి బ్రిటిష్ సైకలాజికల్ సొసైటీ గుర్తింపు ఉందో లేదో కూడా చూడాలి, లేకపోతే మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతుంది. ఆ కల ఉంటే ఉండనివ్వండి, ఈ వీసా గడువులో తీరేది కాదని మాత్రం తెలిసి ఉండాలి.

జీతం విషయం క్లుప్తంగా చెబుతాను. ప్రకటనలో కనిపించే ఏడాది జీతం పూర్తికాలపు లెక్క. స్కూళ్ళు నడిచేది 39 వారాలు, కాబట్టి "టర్మ్ టైమ్ ఓన్లీ" అని ఉంటే ఆ మేరకు తగ్గించి ఇస్తారు. ఏజెన్సీ ద్వారా అయితే రోజు కూలి లెక్క, ఆరు వారాల వేసవి సెలవుల్లో పని ఉండదు. మధ్యలో అంబ్రెల్లా కంపెనీ, అంటే ఏజెన్సీ మనుషులకు జీతం లెక్కలు చూసే కంపెనీ ఉంటే, చెప్పిన రేటులోంచి యజమాని కట్టాల్సిన నేషనల్ ఇన్సూరెన్స్‌నూ తన ఫీజునూ తీసుకున్నాకే మిగతాది ఇస్తుంది. లోన్ వాయిదాలు ఈ లెక్కతో వేసుకోండి. ఒకటి గుర్తుపెట్టుకోమనండి: ఒకే స్కూల్లో ఒకే పనిలో 12 వారాలు దాటితే, స్కూలు నేరుగా పెట్టుకున్న మనిషికి ఇచ్చేంత రేటు ఆమెకూ ఇవ్వాలి. చాలామంది అడగరు.

డేటా అనలిటిక్స్ మాస్టర్స్ ఆలోచన ఎవరిది? అమ్మాయిదా, మీదా? మీ ఉత్తరంలో ఆమెకు అది ఇష్టమన్న మాట ఎక్కడా లేదు. "చేయించాలా" అని ఉంది. అసలు చిక్కు వేరే ఉంది. గ్రాడ్యుయేట్ వీసా జీవితంలో ఒక్కసారే ఇస్తారు. మీ అమ్మాయి ఇప్పటికే తీసుకుంది. ఇంకో మాస్టర్స్ చేస్తే స్టూడెంట్ వీసా వస్తుందేమో గానీ, దాని తర్వాత ఉద్యోగం వెతుక్కోవడానికి ఆ రెండేళ్ళు మళ్ళీ రావు. కోర్సు అయిన కొద్ది నెలల్లోనే స్పాన్సర్ దొరకాలి, అదీ ఆమెకు అనుభవం లేని రంగంలో. తీరని లోన్ మీద ఇంకో లోన్. నన్ను అడిగితే వద్దు. ఆ డబ్బు గోడకు కొట్టిన సున్నమే అవుతుంది.

ఆఫీసు ఉద్యోగం తప్పు కాదు. స్కిల్డ్ వర్కర్‌కు మామూలుగా ఏడాదికి 41,700 పౌండ్ల జీతం కావాలి. గ్రాడ్యుయేట్ వీసా నుంచి మారేవాళ్ళకు 33,400 చాలు, అయితే ఉద్యోగం డిగ్రీ స్థాయిదై, దానికి నిర్ణయించిన రేటు కూడా కుదరాలి. రీసెర్చ్ లాంటి వాటికి దరఖాస్తులు పెడుతూ ఉండమనండి. ఉన్నది వదిలేసి ఇంట్లో కూర్చుని వెతకడం మాత్రం వద్దు.

మీరు అడగని నాలుగో దారి ఒకటి ఉంది. స్పెషల్ స్కూల్ టీచర్ ఉద్యోగం డిగ్రీ స్థాయిది, స్పాన్సర్‌షిప్‌కు పనికొస్తుంది. టీచర్లకు 41,700 లెక్క వర్తించదు, జాతీయ పే స్కేల్ చూస్తారు. 2025 సెప్టెంబర్ నుంచి లండన్ బయట ఇంగ్లండ్‌లో కొత్త టీచర్ జీతం 32,916 పౌండ్లు. దీనికి మామూలు దారి పీజీసీఈ అనే టీచర్ ట్రైనింగ్ కోర్సుతో పాటు క్యూటీఎస్ అనే టీచర్ అర్హత తెచ్చుకోవడం. గ్రాడ్యుయేట్ వీసా మీద పీజీసీఈ చదవడానికి లేదు, స్టూడెంట్ వీసాకు మారాలి. అక్కడే ఉండి మారాలంటే, ఉన్న వీసా ముగిసిన 28 రోజుల్లోపు కొత్త కోర్సు మొదలవ్వాలి. కోర్సులు మొదలయ్యేది సెప్టెంబర్‌లో. ఆమె వీసా 2027 జూన్‌లో అయిపోతే 2027 సెప్టెంబర్ కోర్సుకు అక్కడి నుంచి మారడం కుదరదు. అంటే ఇప్పుడే 2026 సెప్టెంబర్ సీటు చూసుకోవాలి, లేదా వెనక్కి వచ్చి అప్లై చేయాలి. దీనికీ ఫీజు ఉంది, ఇదయ్యాక కూడా స్పాన్సర్ చేసే స్కూలు దొరకాలి. ఇది మాస్టర్స్ కంటే మేలని ఎందుకు అంటున్నానంటే, ఇందులో ఆమె మొదటి రోజు నుంచీ కొత్త మనిషి కాదు. ఇంటర్వ్యూలో చెప్పడానికి ఒక పిల్లవాడితో గడిపిన నెలలు ఉంటాయి.

అయితే ఆమెకు టీచర్ కావాలని ఉందో లేదో నాకు తెలియదు, మీరూ అడిగినట్టు లేరు. ఈ పని ఇష్టపడి చేసేవాళ్ళు కూడా ఒక్కోసారి ఏడాది తిరిగేసరికి అలసిపోతారు. ఈ టర్మ్ అయ్యేదాకా చూడనివ్వండి. రేపు తిరిగి వచ్చినా ఈ కాలం వృథా పోదు. మన దగ్గర స్పెషల్ ఎడ్యుకేషన్ కోర్సులకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తింపు ఉంటుంది. సికింద్రాబాద్‌లోని ఎన్ఐఈపీఐడీ ఈ రంగంలో జాతీయ సంస్థ. ఆటిజం ఉన్న పిల్లల పక్కన కూర్చుని పనిచేసిన మనిషి కోసం ఎదురుచూసే తల్లిదండ్రులు ఇక్కడా ఎంతోమంది ఉన్నారు.

ఈ ఆదివారం ఫోన్ చేసినప్పుడు జీతం, వీసా ముందుగా ఎత్తకండి. ఆ బాబు పేరు కూడా అడగకండి, బయట చెప్పకూడదని వాళ్ళకు రూలు ఉంటుంది. ఈ వారం వాడు ఏ బొమ్మ కార్డు తెచ్చి ఇచ్చాడో అడగండి. ఆమె చెబుతున్నంతసేపూ వినండి. 2026 సెప్టెంబర్ సంగతి ఆ తర్వాత ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవచ్చు.